బావ బండికి ఆపరేషన్ గ్యాసు

ఎవరూ అడక్కుండా, ఎవరూ బెదిరించకుండా, అసలు ఎవరికీ ఏ అనుమానమూ లేకుండా, పట్టపగలు చిక్కడపల్లి రోడ్డు మీద నిలబడి నా నేరాలన్నీ నేనే వరసపెట్టి ఒప్పేసుకున్న రోజొకటి ఉంది. పోలీసులు ఉతికి ఆరేసినా అంత వివరంగా ఎవరూ చెప్పరు. ఆ ఘోరం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె జబ్బులున్నవాళ్లు, మోటార్‌సైకిళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు, మరీ ముఖ్యంగా బావమరుదులకు బండి తాళాలిచ్చినవాళ్లు మంచినీళ్లు దగ్గర పెట్టుకుని చదవండి.

తొంభైల మధ్యలో సంగతి. డిగ్రీ అయిందనిపించి, గ్రూప్స్ పరీక్షలకు చదువుతానని చెప్పి, గుడివాడ నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో మా అక్క ఇంట్లో దిగాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లడం, లోపల చోటు దొరకలేదని బయట నిలబడి దేశ రాజకీయాలు చక్కబెట్టడం, మధ్యాహ్నానికి భోజనానికి ఇల్లు చేరడం. ఇదీ నా చదువు.

మా బావ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. లోకం మీద మాత్రం పైసా నమ్మకం లేదు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూస్తారు. తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతారు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "వీడికి నాతో ఏదో పని పడింది" అంటారు. ఆయన నవ్వగా నేను చూడలేదు. పెళ్లి ఫొటోల్లో కూడా ఫొటోగ్రాఫర్ని అనుమానంగా చూస్తూనే ఉన్నారు.

నా సంగతంటారా, నేను ఆయనకు ఏమాత్రం తీసిపోను. ఆయనది పాలూ తాళాల స్థాయి అనుమానం. నాది ఇంకా పెద్దది. లోకమంతా కూడబలుక్కుని నన్నొక్కణ్ణే మోసం చేయడానికి తిరుగుతోందని నా గట్టి నమ్మకం. ఒక ఇంట్లో ఇలాంటి మగవాళ్లు ఇద్దరుంటే ఆ ఇల్లాలు ఎలా నెట్టుకొచ్చిందో, అది అక్కనే అడగాలి.

అంతటి అనుమానపు మనిషికీ ఒక ప్రేమ ఉండేది. అది ఆయన బండి. ఎర్రరంగు, వంద సీసీ, ఫోర్ స్ట్రోక్, మైలేజీకి పెట్టింది పేరు. ఆదివారం దాన్ని తుడిచేటప్పుడు దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. అలాంటి మనిషికి నాగపూర్‌లో మూడు నెలల ట్రైనింగు పడింది. బండి ఊరికే నిలబెడితే పాడవుతుంది. నాకిస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. వారం రోజులు ఆలోచించారు పాపం.

"నీ తమ్ముడి మీద నాకు నమ్మకం లేదు" అన్నారు అక్కతో, నా ఎదురుగానే.

"నా మీద ఉందా, లేదా?" అంది అక్క.

బావ ఇరుకున పడ్డారు. పెళ్లయిన మగవాడు ఈ ప్రశ్నకు చెప్పగలిగిన జవాబు ఒక్కటే కదా.

"అయితే పూచీ నాది. మీరు తిరిగొచ్చేసరికి బండి ఎలా ఇచ్చారో అలాగే ఉంటుంది. తేడా వస్తే వీణ్ణి ఆ సాయంత్రమే గుడివాడ బస్సెక్కిస్తాను" అంది అక్క. బావ బయటికి వెళ్లాక నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒరేయ్ శేషూ, ఈ ఇంట్లో నా మాట ఇంతవరకు పోలేదురా. నీ వల్ల పోనివ్వకు" అంది. తిట్టలేదు, అరవలేదు. మామూలుగా అంది. అందుకే భయం వేసింది.

ఆ భయం నెలన్నర ఉంది. తర్వాత అవమానం దాన్ని మింగేసింది.

ఆ బండి నలభై దాటితే మూలిగేది. ఒకరోజు నారాయణగూడ దగ్గర ఒక పెద్దాయన స్కూటర్ మీద, వెనక భార్య, ముందు ఇద్దరు పిల్లలు, కాళ్ల మధ్య బియ్యం మూటతో నన్ను దాటిపోయాడు. పోతూ పోతూ పిల్లలు నాకు టాటా కూడా చెప్పారు. అదైనా దిగమింగుకున్నాను. కానీ నల్లకుంట నుంచి లైబ్రరీకి వచ్చే సుధాకర్ అని ఒకడుండేవాడు, వాడికి టూ స్ట్రోక్ బండి. రోజూ నా పక్కకు వచ్చి, వేగం తగ్గించి మరీ అడిగేవాడు.

"ఏంది శేషన్నా, బండి నడుపుతున్నవా, బండికి కావలి కాస్తున్నవా?"

పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

సరిగ్గా అప్పుడే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో విదేశీ మోటారు పత్రిక ఒకటి దొరికింది. అందులో ఉంది అసలు విషయం. ఇంజన్‌లోకి పెట్రోలు, గాలితో పాటు నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాసు పంపితే, పెట్రోలు రెచ్చిపోయి మండుతుందట. మీట నొక్కగానే బండి తుపాకీ గుండులా పోతుందట. ఆ గ్యాసుకే ఇంకో పేరు, నవ్వు పుట్టించే గ్యాసు. ఆపరేషన్లప్పుడు మత్తు కోసం వాడతారు. ఆ వ్యాసం చివర రెండు పేజీల జాగ్రత్తలున్నాయి. అవి చదవలేదు. చదవకపోవడానికి నా దగ్గర కారణం కూడా ఉంది. ఇలాంటి గొప్ప విషయాలు అందరికీ తెలిసిపోకూడదని జనాన్ని భయపెట్టడానికే ఆ జాగ్రత్తలు రాస్తారని నా అనుమానం.

గుడివాడలో నాతో చదివిన ప్రకాశ్ నారాయణగూడలో ఉండేవాడు. నర్సింగ్‌హోములకు గ్యాసు సిలిండర్లు వేసే చోట వాడి ఉద్యోగం. వెళ్లి విషయం చెప్పాను.

"ఒరేయ్, అది ఆపరేషన్ గ్యాసు. కొంచెం పీలిస్తే నవ్వొస్తుంది. ఇంకొంచెం పీలిస్తే నిద్రొస్తుంది. అక్కడితో ఆగకపోతే ఇక లేవవు" అన్నాడు.

"నాక్కాదురా, బండికి."

"బండికి ఆపరేషనా?"

వాణ్ణి ఒప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. చివరికి నా పోరు పడలేక, అడుగున కాస్త గ్యాసు మిగిలిన పాత సిలిండర్ ఒకటి, దానికి మామూలు వాల్వ్ బిగించి, దుప్పట్లో చుట్టి చేతిలో పెట్టాడు. "నా పేరు బయటికి రాకూడదు" అన్నాడు. నీలంరంగు సిలిండర్. నా తొడ ఎత్తు ఉంది, బరువు మాత్రం నా అంత ఉంది.

అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ యాదగిరి షెడ్డుకు వెళ్లాను. నారాయణగూడ సందులో రేకుల షెడ్డు. బావ బండి కొన్ననాటి నుంచీ దాన్ని చూసేది ఆయనే. నేను చెప్పిందంతా విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"తమ్మీ, ఒక మాట చెప్తే వింటవా?"

"చెప్పన్నా."

"గీ బండి అన్నం తినే బండి. దీనికి నువ్వు సారా తాగిపిస్తనంటున్నవ్. గ్యాస్ పోతే మంట ఎక్కువైతది. మంట ఎక్కువైతే పిస్టన్ కరుగుతది. పిస్టన్ కరిగితే మీ బావ నన్ను కరిగిస్తడు."

ఎంత చక్కగా చెప్పాడో చూడండి. ఒక మనిషి మంచికోరి చెప్పిన మాట ఇంతకంటే తేటగా ఉండదు. కానీ నా బుర్ర ఎటు పోయిందంటే, వీడు వద్దంటున్నాడంటే నన్ను వదిలించుకుని, ఈ కిటుకు తనే వాడుకుని, ఊళ్లో బళ్లన్నిటికీ గ్యాసు పెట్టి పేరు కొట్టేద్దామని చూస్తున్నాడు!

"నువ్వు చెయ్యకపోతే ముషీరాబాద్‌లో చేసేవాళ్లున్నారు" అన్నాను.

యాదగిరి నిట్టూర్చాడు. "గాళ్ల చేతిల వెడితే ఇంజనే ఉండదు. సరే, బండి మీద రంధ్రం మాత్రం వెయ్య. గాలి పోయే రబ్బరు గొట్టంకెల్లి పైపు దూరుస్త. మీ బావ వచ్చేలోపు గా గొట్టం మారుద్దువు గని, ఏం ఎర్కలేనట్టే ఉంటది. సిలిండర్ ఈడ పెట్టిపో, రేపు పొద్దుగాల దాన్ని బండికి పట్టే క్లాంపులు కొడ్త."

సిలిండర్ ఈడ పెట్టిపో! ఆ ఒక్క మాట చాలు, నాలో నిద్రపోతున్న డిటెక్టివ్ లేచి కూర్చున్నాడు.

ఇక్కడ మా ఇళ్లల్లో ఆచారం ఒకటి చెప్పాలి. మెకానిక్‌కి బండి అప్పగించి ఇంటికి పోవడమనేది మేమెరగం. పోతే లోపలి ఒరిజినల్ పార్టులు తీసేసి నకిలీవి వేస్తారని అందరికీ గట్టి నమ్మకం. ఎవరిది పోయిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు, నమ్మకం మాత్రం నమ్మకమే. అందుకని బండి ఇచ్చిన మనిషి అక్కడే స్టూలు వేసుకుని, టీలు తాగుతూ, బోల్టు బోల్టునూ కళ్లతో కాపలా కాస్తాడు. నేనూ మూడు రోజులు కాశాను. యాదగిరి లోపలికి వెళ్తే లోపలికి వెళ్లాను. మూత్రానికి లేస్తే నేనూ లేచాను.

"గిది గూడ ఒరిజినల్‌దే తీస్కపోతున్న, చూస్కో" అన్నాడాయన మంటగా.

బండికి కాపలా సరే, సిలిండర్ మాటేమిటి? షెడ్డులో పెడితే యాదగిరి కొట్టేస్తాడు. ఇంట్లో పెడితే అక్క చూస్తుంది. అప్పుడు తట్టింది నాకు, జీవితంలో నాకు తట్టిన అతి గొప్ప ఆలోచన. సిలిండర్ని దాచాలంటే సిలిండర్ల మధ్యే దాచాలి!

చిక్కడపల్లిలో మల్లేశ్ సోడా కొట్టు ఉండేది. మా బావ కడుపు బాగాలేనప్పుడల్లా అక్కడే నిమ్మకాయ సోడా తాగేవారు. కొట్టు వెనక సోడాలు కొట్టే గ్యాసు సిలిండర్లు నల్లరంగువి రెండు మూడు నిలబెట్టి ఉండేవి. నాది నీలం. డాబా మీదకు ఎక్కించి, ఇంటివాళ్లు గేటుకు వేయగా మిగిలిన నల్లరంగు శుభ్రంగా పూసేశాను. ఆనవాలుగా అడుగున సున్నం బొట్టు పెట్టాను. మళ్లీ అనుమానం వచ్చింది. ఆనవాలుంటే దొంగకు కూడా పనికొస్తుంది కదా అని తుడిచేశాను. అవును, నేనే తుడిచేశాను. నెమ్మదిగా తిట్టుకోండి, ఇంకా చాలా ఉంది.

"మల్లేశన్నా, మా ఫ్రెండువాళ్ల పెళ్లికి సోడాల కోసం తెచ్చిన గ్యాసు ఇది. శనివారం దాకా నీ దగ్గర ఉంచుతావా?" అన్నాను.

"సోడా గ్యాసేనా?"

"సోడా గ్యాసే."

"గిదేమన్న పెద్ద పనా? ఆ మూలకు వెట్టు" అన్నాడు మల్లేశ్. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటని వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాను. ఆయన కళ్లు కూడా ఎందుకో మెరిసినట్టు అనిపించింది. బహుశా ఎండకు కావచ్చు.

రెండు రోజులు గడిచాయి. గురువారం లైబ్రరీ నుంచి వస్తూ సరుకు ఉందో లేదో చూద్దామని కొట్టుకు వెళ్లాను. నల్లటి సిలిండర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తృప్తిపడి ఒక సోడా కొట్టించుకున్నాను. నురగ బాగానే వచ్చింది. తాగితే చప్పగా, ఏదోలా తియ్యగా ఉంది. గొంతు దిగుతుంటే కోసుకుపోయే ఆ ఘాటు లేనే లేదు.

"ఏంటన్నా, ఘాటే లేదు?"

మల్లేశ్ నా కళ్లలోకి చూడలేదు. "ఏమో, అందరు గదే అంటున్నరు. పరేషాన్ అయితున్న" అని అటు తిరిగి సీసాలు కడుక్కున్నాడు.

ఓహో, గ్యాసులో కక్కుర్తి పడుతున్నాడన్నమాట, అనుకున్నాను. ఎంత సూక్ష్మబుద్ధి నాది! లోకంలో ప్రతి మనిషినీ అనుమానించాను గానీ, ఆ సోడాలో ఏముందని మాత్రం ఒక్క క్షణం అనుమానించలేదు.

శుక్రవారం కింద ఇంటివాళ్ల ఫోనుకు బావ ఫోన్ చేశారు. ట్రైనింగు అయిపోయిందని, ఆదివారం ఉదయం దిగుతానని. అక్క పైకి వచ్చి చెప్పి, "బండి బాగానే ఉందా?" అని అడిగింది.

"దానికేం, భేషుగ్గా ఉంది."

అక్క నా ముఖం వంక కాసేపు చూసి, "రేపు ఓసారి కడుగు" అని వెళ్లిపోయింది. లెక్క తేలిపోయింది. నాకున్నది శనివారం ఒక్క రోజే. పొద్దున, ముందే పందెం కట్టిన సుధాకర్ని ఓడించాలి, సాయంత్రానికి గొట్టం మార్చాలి, బండి కడిగి నిలబెట్టాలి.

శనివారం తెల్లవారగానే, యాదగిరి పని ముగించి ఇచ్చిన బండి మీద మల్లేశ్ కొట్టుకు వెళ్లాను. ఆయన అప్పుడే తలుపులు తీస్తున్నాడు. నన్ను చూడగానే కంగారుగా లోపలికి పోయి, ఒక నల్ల సిలిండర్ని తనే ఎత్తుకొచ్చి బండి దగ్గర పెట్టాడు. "గిదే నీది, తీస్కపో" అన్నాడు. వాల్వ్ చూశాను, బాగానే ఉంది. ఎత్తి చూశాను, ఇదివరకటి కంటే బరువుగా అనిపించింది. నిద్ర చాలక అలా ఉందేమోననుకుని, క్లాంపులకు బిగించి, పైపు తగిలించి, పైన దుప్పటి కప్పాను.

లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు మీద సుధాకర్ ఎదురుచూస్తున్నాడు. దుప్పటిని చూసి, "ఏందన్నా, పడక గూడ తెచ్చినవ్?" అన్నాడు.

"నువ్వు నిద్రపోవడానికి" అన్నాను. ఆ రోజు నేను అన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

చివర టీ బండి దాకా పందెం. ఇద్దరం బయల్దేరాం. మొదట్లోనే వాడు నాలుగు బళ్ల దూరం ముందుకు పోయాడు. నేను నవ్వుకున్నాను. పోరా, పో. చెయ్యి వెనక్కి పెట్టి వాల్వ్ తిప్పాను.

బుస్సుమని చప్పుడైంది. ఇక బండి ఎగురుతుందని ట్యాంకుకు కరుచుకుని, కళ్లు కూడా మూసుకున్నాను. ఇంజన్ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గబోయి, ఆ దగ్గు కూడా మానేసి, చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి నేను తెల్లటి పొగ మధ్యలో ఉన్నాను. రబ్బరు పైపు పొడవునా మంచు పేరుకుంది. వాల్వ్ కట్టేద్దామంటే బిగుసుకుపోయింది. దానికి ఆనుకుని ఉన్న నా ప్యాంటు అట్టలా గట్టిపడింది. లోపల తొడ ఉందో లేదో తెలియడం లేదు.

ఇంతలో పొగ చీల్చుకుంటూ ఒక కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏయ్, దిగు! ఏందిది? ఏం కట్టినవ్ బండికి?"

"గ్యాస్ సార్."

"ఏం గ్యాస్?"

"నవ్వు పుట్టించే గ్యాస్ సార్."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "పొద్దుపొద్దున నాతోని మజాకా?"

"కాదు సార్, నిజంగానే. పీలిస్తే నవ్వొస్తుంది."

"మరి నాకు నవ్వొస్తలేదేంది? నీకు వస్తున్నదా?"

నాకు ఏడుపొస్తోంది. "దగ్గరగా పీల్చాలేమో సార్" అన్నాను. ఆయన నా మీద నుంచి చూపు తిప్పకుండా, ఒంగి, వాల్వ్ దగ్గర ముక్కు పెట్టాడు. మరుక్షణం తల వెనక్కి విసిరి, కళ్లనీళ్లు కారుతుండగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"థూ! ఇది సోడా గ్యాసుర భై! గబగబ సోడా తాగితే ముక్కులకెక్కుతది సూడు, గదే!"

సుధాకర్ అప్పటికే గెలిచి, టీ కూడా చెప్పి, వెనక్కి వచ్చాడు. "సోడా గ్యాసా? గది మంటలార్పే గ్యాస్ గదన్నా! ఇంజన్ల ఉన్న మంట నువ్వే ఆర్పేసినవ్!"

నాకు వాడి మాటలు వినబడడం లేదు. ప్రకాశ్ మోసం చేశాడా? యాదగిరి మార్చేశాడా? ఒక్కొక్కర్నీ వరసగా అనుమానించుకుంటూ వచ్చి, గురువారం నాటి సోడా దగ్గర ఆగాను. చప్పగా, తియ్యగా, ఘాటు లేకుండా. పై ప్రాణాలు పైనే పోయాయి. సోడా గ్యాసు ఇక్కడుంటే, ఆపరేషన్ గ్యాసు ఎక్కడున్నట్టు? మూడు రోజులుగా చిక్కడపల్లి జనం తాగుతున్నదేమిటి?

"సార్, నేను అర్జెంటుగా వెళ్లాలి" అన్నాను.

"పో. గని స్టార్ట్ చేసినవంటే లోపలేస్త. తోసుకుంట పో" అన్నాడు కానిస్టేబుల్ ముక్కు తుడుచుకుంటూ.

ఇందిరా పార్కు మీదుగా, అశోక్‌నగర్ మీదుగా, ఒక కాలు మొద్దుబారిపోయి, సిలిండర్ బరువుకు బండి ఒకవైపు ఒరిగిపోతుంటే తోసుకుంటూ పరుగెత్తాను. దారి పొడవునా ఫుట్‌పాత్‌ల మీద జనం స్పృహ తప్పి పడి ఉంటారేమోనని వెతుక్కుంటూనే పోయాను. ఇద్దరు పడుకుని కనిపించారు గానీ, వాళ్లు రోజూ అక్కడే పడుకుంటారు.

చిక్కడపల్లి చేరాను. మల్లేశ్ కొట్టు కనబడింది. కొట్టు ముందు ఒక సూట్‌కేసు. సూట్‌కేసు పక్కన మా బావ. చేతిలో సగం తాగిన నిమ్మకాయ సోడా.

ఆదివారం రావాల్సిన మనిషి శనివారం వచ్చేశారు. ఆయన నన్ను చూశారు. ఒగరుస్తూ తోసుకొస్తున్న బండిని చూశారు. దుప్పటి కింద సిలిండర్ని చూశారు. అప్పుడు ఆ మహానుభావుడి ముఖంలో ఒక కదలిక వచ్చింది. పెదాలు విచ్చుకున్నాయి. పళ్లు కనబడ్డాయి. మా బావ నవ్వారు! ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా, ఆ తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా.

అయిపోయింది. గ్యాసు ఎక్కేసింది.

"బావగారూ, నవ్వకండి!" అని గావుకేక పెట్టి, బండి వదిలేసి, ఆయన చేతిలో సోడా లాగి రోడ్డు మీద పారబోశాను. "గట్టిగా గాలి పీల్చండి! నిద్రపోకండి! అది ఆపరేషన్ గ్యాసు! నేనే తెచ్చాను! మీ బండికి పెట్టాను! యాదగిరి వద్దన్నా వినలేదు! గాలిగొట్టానికి చిల్లు పెట్టించాను! ట్యాంక్ బండ్ దగ్గర పందెం వేశాను! ఓడిపోయాను కూడా! ఇక్కడ దాచిపెట్టి సోడా గ్యాసని అబద్ధం చెప్పాను! మిమ్మల్ని చంపేశాను బావా! అక్కకు ఏం చెప్పను?"

రోడ్డు మీద పదిమంది పోగయ్యారు. బావ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మల్లేశ్ మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నీ గ్యాస్ నిన్న పొద్దుగూకంగనే బంద్ వెట్టిన. నాది అయిపోతే, నీది గూడ సోడా గ్యాసే అంటివి గదాని రెండు మూడు దినాలు వాడుకున్న. ఘాటు లేదని జనం తిట్టిండ్రు. నిన్న నా కొత్త సిలిండర్లు వచ్చినయ్, నీది వాడుకున్న గదాని బదులుకు అండ్ల ఒకటి నీకు ఇచ్చిన. నీ నల్లది ఆ మూలకే ఉన్నది. సార్ తాగింది మంచి సోడనే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి బావగారు ఎందుకు నవ్వారు?"

బావ జేబురుమాలు తీసి, మీద పడిన సోడా తుడుచుకున్నారు.

"ఆదివారమని చెప్పి శనివారం వచ్చింది నిన్ను పట్టుకుందామనేరా. బండిని ఏం చేసి ఉంటావోనని రాత్రంతా రైల్లో కన్ను మూయలేదు. కడుపు పాడై సోడా కోసం ఇక్కడ దిగితే, ఎదురుగా నువ్వు. అక్కకు వంటగ్యాసు అయిపోయిందేమో, సిలిండర్ తెస్తున్నావనుకున్నాను. నా బండి ఎక్కడ అరిగిపోతుందోనని ఎక్కకుండా తోసుకొస్తున్నావనుకున్నాను. ఇలాంటి పిల్లాణ్ణి పట్టుకుని ఇన్నాళ్లూ అనుమానించానే అని, నన్ను చూసి నాకే నవ్వొచ్చింది."

నేను నోరు మూసుకుని నిలబడి ఉంటే చాలు. వేరే ఏమీ చెయ్యనక్కర్లేదు. సాయంత్రం గొట్టం మార్చుకుంటే సరిపోయేది. అక్క మాట నిలబడేది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నమ్మి నవ్వితే, ఆ నవ్వును కూడా అనుమానించింది నేనే. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇంటికి వెళ్లాక బావ అక్కకు అంతా చెప్పారు. పొల్లుపోకుండా చెప్పారు. ఆయన చెప్పాల్సింది కూడా ఏముంది, నేను చెప్పింది అప్పజెప్పడమే కదా. అక్క లేచింది. లోపలికి వెళ్లి నా బ్యాగు తెచ్చి, బట్టలు మడతపెట్టి సర్దడం మొదలుపెట్టింది. మడతలు పెడుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. 

"ఎక్కడికి?" అన్నారు బావ.

"గుడివాడ. సాయంత్రం బస్సుకు. మాటంటే మాటే" అంది అక్క.

"వద్దు."

అక్క తలెత్తింది. నాకు గుండె ఉప్పొంగింది. ఎంత మంచివాడు మా బావ, క్షమించేశాడు!

"వీణ్ణి అక్కడికి పంపితే ఏం చేస్తాడో నాకు అనుమానం. కళ్లెదురుగా ఇక్కడే ఉండనీ" అన్నారు బావ, బండి తాళం చెవి జేబులో వేసుకుని, జేబును రెండుసార్లు తడిమి చూసుకుంటూ.

అలా నేను ఉద్యోగం వచ్చేదాకా, మొత్తం నాలుగేళ్లు, ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన మళ్లీ నవ్వలేదు.

కాబట్టి పెద్దలందరి ఎదుట, నిప్పు మీద కాకపోయినా కనీసం గ్యాసు పొయ్యి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పెట్రోలు తాగే బండికి పెట్రోలు తప్ప మరొకటి పట్టను. మెకానిక్ వద్దంటే వద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదుటి మనిషి నవ్వితే ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆరా తీయను. ఇది చదువుతూ మీరు నవ్వారో లేదో నాకు తెలియదు. నవ్వి ఉంటే మాత్రం, ఒట్టు, ఎందుకని అడగను.